వాడలో ఆడదగ్గ నాటికలు, ఏకపాత్రలు

కుప్పనూర్పులు ముగిసీ ముగియకముందే వ్యవసాయ కార్మిక సంఘాల మహాసభలు మొదలవుతాయి. దాంతోపాటే కళాదళాల మిత్రుల దగ్గర్నుంచి ఒకే ప్రశ్న మొదలవుతుంది: ఈ ఏడు ఏం ఆడదాం? పాటకు మనకు కరువు లేదు. బుర్రకథ, ఒగ్గుకథ చెప్పేవాళ్లూ ఉన్నారు. నాటిక దగ్గరికొచ్చేసరికే గొంతు తడారిపోతోంది. ఎప్పటిదో ఒక ప్రతిని బూజు దులిపి తీస్తారు. అందులో మీసం మెలేసే భూస్వామి, లెక్కల పుస్తకం చంకన పెట్టుకున్న గుమస్తా, కాళ్ల మీద పడే పాలేరు, చిట్టచివర జెండా. జెండా కనపడగానే జనం చప్పట్లు కొట్టి లేస్తారు. ఆ చప్పట్లు నాటిక బాగున్నందుకా, అయిపోయినందుకా అని మాకు చాలాసార్లు అనుమానం కలిగింది.

ఆ భూస్వామి లేడని కాదు. ఉన్నాడు, కాని ఊళ్లో లేడు. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్నాడు. కౌలు ఫోనులో మాట్లాడుకుంటాడు, బ్యాంకు ఖాతాలో వేయించుకుంటాడు. పెట్టుబడికి అప్పిచ్చేది ఎరువుల కొట్టు. వారం వారం వాకిట్లో కూచుని కిస్తీ వసూలు చేసింది సూక్ష్మరుణాల కంపెనీ ఏజెంటు. ఆ వేధింపులకు మనుషులు ప్రాణాలు తీసుకున్నాక గాని 2010లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేలేదు. వలసపోయేవాళ్లకు పని చూపేది గుంపు మేస్త్రి. వీళ్లెవరూ మీసాలు మెలేయరు. నవ్వుతూ మాట్లాడతారు, ‘అన్నా’ అని పిలుస్తారు. ఈ సంగతి మునుం పట్టిన ప్రతి కూలిమనిషికీ తెలుసు. తెలియంది మన నాటికకే.

అందుచేత ఈసారి కొన్ని నాటికల పేర్లు, వాటితోపాటు మాకు తోచిన మార్పులు చేర్పులు చెప్పదలిచాం. అన్నీ నిన్న మొన్న రాసినవి కావు. ఇవాళ మన వాడలో కూచుని చూస్తే ‘ఇదెవరి కథో’ అనిపించనివి ఏరాం. తెలుగు ప్రతి చేతికందని చోట, కథ తెలుసుకుని మన మాటల్లో అల్లుకోవచ్చు. అసలు రచయిత పేరు మాత్రం ఆట మొదలయ్యే ముందు తప్పక చెప్పండి.

నిడివి సంగతి ముందే అనుకోవాలి. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మాభూమి’ని ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడాయి. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా. అది పెద్ద నాటకం. పక్కనున్న నిజాం రాష్ట్రంలో నిజంగా జరుగుతున్న పోరాటమే వేదిక మీద కనపడుతుంటే జనం గంటల తరబడి కూచున్నారు. ఇప్పుడు మనం అంత నిడివి పెట్టుకోలేం. నాట్ల రోజుల్లో తెల్లారుజామున లేచిన ఆడకూలీ రాత్రి ఎనిమిదిన్నరకు అన్నం వార్చి, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చి కూచుంటుంది. తొమ్మిదిన్నరకు ఆమె కళ్లు మూతబడతాయి. నాటిక మీద విముఖత కాదది, నడుం నొప్పి. పావుగంట నుంచి ముప్పావుగంట, అదే మన హద్దు.

మొదటగా చెప్పేవి మన దేశానివి కాని రెండు నాటికలు. దూరం చూసి జంకనక్కర్లేదు. వాటిని ఆడిందీ, చూసిందీ పొలం కూలీలే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో డెలానో అనే ఊరి చుట్టూ ద్రాక్షతోటలున్నాయి. 1965 సెప్టెంబరులో అక్కడి ఫిలిప్పీన్సు కూలీలు సమ్మె కట్టారు. పట్టుమని పది రోజులు కాకుండానే మెక్సికో మూలాల కూలీలు సీజర్ చావెజ్ నాయకత్వాన వాళ్లతో కలిశారు. లూయీ వాల్డెజ్ అనే యువకుడు అదే డెలానోలో పుట్టాడు, వలసకూలీల బిడ్డ. నాటకాలు నేర్చి సొంత ఊరికి తిరిగొచ్చి సమ్మె శిబిరంలో ‘ఎల్ తియాత్రో కాంపెసీనో’ అనే దళం కట్టాడు. మన మాటల్లో చెప్పుకుంటే పొలంకూలీల నాటక దళం.

ఆయన మొదట చేసిన పని మన దళాలన్నీ తెలుసుకోదగ్గది. అట్టముక్కల మీద పేర్లు రాసి, తాళ్లు కట్టి, కూలీల మెడల్లో వేశాడు. ఒకడికి ‘సమ్మెదారు’, ఇంకొకడికి ‘సమ్మె ద్రోహి’. ఇక మీరే ఆడండి అన్నాడు. రాతప్రతి లేదు, ఒప్పజెప్పడం లేదు. సమ్మె ద్రోహి ఎట్లా నంగిగా మాట్లాడతాడో, మేస్త్రి ఎట్లా నడుస్తాడో కూలీలకు ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది. పెద్ద లారీ వెనక బల్లే వేదిక. 1966లో సమ్మె కూలీలు రాష్ట్ర రాజధాని శాక్రమెంటోకు సుమారు 300 మైళ్లు కాలినడకన పోతుంటే ఈ దళం రాత్రిళ్లు మజిలీల్లో ఆడుతూ పోయింది.

వాళ్ల ‘దొరగారి రెండు మొహాలు’ అనే నాటికలో పాత్రలు ముగ్గురే: దొర, కూలీ, తుపాకీ పట్టిన కాపలావాడు. దొర తన బాధలు వెళ్లబోసుకుంటాడు. కొండ మీది మేడకు ఎంత ఖర్చో, పెళ్లానికి ఎంతో, కారుకు ఎంతో చెప్పి, నీ బతుకే హాయిరా అంటాడు. సరదాగా కాసేపు వేషాలు మార్చుకుందామంటాడు. మొహానికి పెట్టుకున్న ముసుగు, కొరడా, నోట్లో చుట్ట కూలీకిచ్చి, కూలీ మెళ్లోని అట్ట తాను తగిలించుకుంటాడు. అక్కడ్నుంచి కథ తలకిందులవుతుంది. కూలీ దొర మాటలే దొరకు వినిపిస్తాడు. కాపలావాడు తన యజమానిని గుర్తుపట్టక ఈడ్చుకుపోతాడు. చివరికి దొరే చావెజ్‌ను, సమ్మెను తలుచుకుని కేకలు పెడతాడు. మేడా, పొలమూ, కారూ నాకొద్దుగాని చుట్ట మాత్రం పట్టుకుపోతానంటాడు కూలీ. పావుగంటలో అయిపోయే ఈ నాటికను కాకినాడ పక్కన ఆడినా ఖమ్మం పక్కన ఆడినా చుట్టకు అనువాదం అక్కర్లేదు.

ఒక్క హెచ్చరిక. వాళ్ల దొర మొహానికి పంది ముసుగు. మన దగ్గర అది పనికిరాదు. పందుల పెంపకం మీద బతికేవాళ్లు మన ఊళ్లలో ఎరుకల కుటుంబాలు. నవ్వు దొర మీద పడాల్సింది పోయి వాళ్ల మీద పడుతుంది. ముసుగు ఎందుకసలు? చలవ కళ్లద్దాలు, చెవిలో ఫోను సరిపోతాయి. మన దొర ఊళ్లోకి రాకుండా వీడియో కాలులోనే మాట్లాడుతున్నట్టు, కౌలురైతు ఫోను పట్టుకుని చేను చుట్టూ తిప్పి చూపిస్తున్నట్టు మొదలుపెట్టుకుంటే ఇంకా బాగుంటుంది. కౌలురైతు ఆ ఫోను చేతులు మారినప్పుడే వేషాలూ మారతాయి.

రెండోది ‘అయిదో రుతువు’, 1966 నాటిది. మా ఉద్దేశంలో ఇంతకన్నా మనకు దగ్గరైన నాటిక ఇంకోటి లేదు. కూలీ పని వెతుక్కుంటూ వస్తాడు. గుంపు మేస్త్రి లాంటి నక్కజిత్తులవాడు వాణ్ని పట్టుకుంటాడు. ఎండాకాలం మనిషి రూపంలో వస్తుంది. అక్కడ పళ్లు పండే కాలం అదే కాబట్టి, ఒంటి నిండా నోట్లు అంటించుకుని వస్తుంది. కూలీ ఒక్కొక్క నోటూ కోసి జేబులో పెట్టుకుంటుంటే, వెనక నిలబడ్డ మేస్త్రి ఆ జేబులోంచే లాగి, తన వాటా ఉంచుకుని, దొరకు అందిస్తుంటాడు. కూలీ వెనక్కి చూడడు, వాడికి తీరికేదీ? చలికాలం వచ్చి డబ్బు తీయమని మీద పడేసరికి జేబు ఖాళీ. మాటలు లేకుండా, చేతుల కదలికతోనే దోపిడీ మొత్తం కళ్లకు కట్టే ఈ ఘట్టం ముందు మన గంట ఉపన్యాసాలు దిగదుడుపే.

మన దగ్గర నాలుగు రుతువులతో పని లేదు. మన రైతుకూ కూలీకీ తెలిసిన లెక్క కార్తెలది. మృగశిర, ఆరుద్ర, పుష్యమి, మఖ... వీటినే పాత్రలు చేయండి. మృగశిర ఆశలు చెప్తుంది. ఆరుద్ర నాట్ల పని తెస్తుంది. కోతల కాలం నోట్లు అంటించుకుని వస్తుంది. దాని పక్కనే వరికోత మిషను వేషగాడు కూడా వచ్చి సగం నోట్లు పీక్కుపోతాడు. రోహిణి అందరికన్నా భయంకరమైన పాత్ర. పనుండదు, ఎండకు రోళ్లు పగులుతాయి, జూన్ నెల బడి ఫీజులు తలుపు తడుతుంటాయి, మేస్త్రి బొంబాయికో బెంగుళూరుకో పోదామని అడ్వాన్సు చేతిలో పెడతాడు. పాలమూరు వలసకూలీల వాడల్లో ఈ రోహిణి వేషం ఎవరు వేస్తారో గాని, వాళ్ల పేరు ఏడాదంతా రోహిణే అవుతుంది.

అసలు నాటిక చివర చర్చి, యూనియను, జనం పాత్రలుగా వచ్చి కూలీని కాపాడతారు. ఆ భాగం మాకు అంతగా నచ్చలేదు. నాటిక నడుమ కూలీ మీద చూపించిన నమ్మకం చివర సడలింది. మనవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి యూనియనును విష్ణుమూర్తిలా దింపుతారేమోనని మా భయం. మేస్త్రి చెయ్యి జేబులోకి వచ్చినప్పుడు కూలీ దాన్ని పట్టుకోవాలి. పట్టుకున్నాక ఏం చేయాలన్నది అక్కడ కూచున్న జనాన్నే అడగండి. మేస్త్రి మన కులపోడే, మన బంధువే అయ్యుండొచ్చు. అప్పుడేం చేద్దాం? ఆ రాత్రి వాడలో సాగే చర్చే నాటిక రెండో అంకం.

డెలానోలో అయిదేళ్ల తర్వాత, 1970లో, ద్రాక్షతోటల యజమానులు ఒప్పందాల మీద సంతకాలు పెట్టారు. పెట్టించింది సమ్మె, దేశమంతటా ద్రాక్ష కొనడం మానేసిన జనం. నాటికలు ఆ అయిదేళ్లూ శిబిరంలో మనుషుల్ని నవ్విస్తూ నిలబెట్టాయి. కళాదళం తనకు అంతకన్నా పెద్ద ఘనత ఆపాదించుకోనక్కర్లేదు.

మన దేశానికొస్తే, ‘మెషీన్’ పేరు చాలామంది విన్నదే. ఢిల్లీ జన నాట్య మంచ్ 1978లో ఆడింది. గాజియాబాద్ ప్రాంతంలో ఒక కర్మాగారం. కార్మికులు అడిగింది సైకిళ్లు పెట్టుకోవడానికి చోటు, టీ తాగడానికి క్యాంటీను. జవాబుగా తూటాలు వచ్చాయి, ఆరుగురు కార్మికులు చనిపోయారు. ఈ వార్త మీద అల్లిన నాటిక పదమూడు నిమిషాల చిల్లర. ఆరుగురు నటులు చేతులూ కాళ్లూ కలిపి, నోటితో చప్పుళ్లు చేస్తూ తామే యంత్రమవుతారు. నడుస్తూ నడుస్తూ యంత్రం ఆగిపోతుంది. ఎందుకాగిందన్నదే నాటిక.

దీన్ని ఉన్నదున్నట్టు పల్లెలో ఆడిన దళాలను మేం చూశాం. పిల్లలకు యంత్రం చప్పుళ్లు నచ్చాయి. పెద్దవాళ్లు ఎవరిదో కథ విన్నట్టు విన్నారు. మా సలహా ఏమిటంటే, యంత్రాన్ని వదిలి మునుం పట్టుకోండి. ఆరుగురు వంగి వరసగా నాటు వేస్తారు. ఒకటే లయ, ఒకటే ఊపిరి, మధ్యలో మేస్త్రి అదిలింపు. ఆ లయ ఉన్నట్టుండి తెగుతుంది. ఒకామె నడుం ఎత్తి నిలబడింది. ఆమె అడిగేది చాలా చిన్న విషయం కావాలి: తాగే నీళ్లు చేను గట్టు దాకా తెప్పించమనో, పసిబిడ్డకు పాలివ్వడానికి పోయిన పావుగంటకు కూలి కోయొద్దనో. అడిగింది ఎంత చిన్నదైతే దానికొచ్చిన జవాబు అంత పెద్దగా కనపడుతుంది. ‘మెషీన్’ బలమంతా ఆ సైకిళ్ల చోటులోనే ఉంది. వరికోత మిషను మీద నాటిక కట్టేవాళ్లకు ఇంకో మాట: ఇనుమును తిట్టి ఊరుకోకండి. మిషను పెట్టినప్పుడు ఎకరాకు మిగిలింది ఎవరి చేతికి పోయిందో, కూలీల్లో ఎవరి చేతులు ఖాళీ అయ్యాయో చూపండి.

ఆ దళం నాయకుడు సఫ్దర్ హష్మీ సంగతి కొత్తగా వచ్చిన పిల్లలకు చెప్పాలి. 1989 జనవరి 1న గాజియాబాద్ జిల్లా సాహిబాబాద్ దగ్గర ఝండాపూర్‌లో ‘హల్లాబోల్’ ఆడుతుండగా గూండాలు దాడి చేశారు. రామ్ బహదూర్ అనే కార్మికుడు చనిపోయాడు. తీవ్రంగా గాయపడిన సఫ్దర్ మర్నాడు కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 34. జనవరి 4న ఆయన భార్య మొలొయశ్రీ, దళం సభ్యులు అదే చోటికి తిరిగివెళ్లి సగంలో ఆగిన నాటికను పూర్తి చేశారు. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 12ను దేశంలో వీధినాటక దినంగా జరుపుకుంటున్నారు. ఆ రోజున దండలూ ఉపన్యాసాలతో సరిపెట్టకుండా, ఆయన నాటిక ఒకటి ఆడితే బాగుంటుంది.

మహాశ్వేతాదేవి కథలు తెలుగు పాఠకులకు పరిచయమే. తన కథలను ఆమె తానే నాటికలుగా రాశారన్న సంగతి దళాలకు అంతగా తెలియదు. ‘బాయేన్’ అందులో ఒకటి. చండీదాసి డోము కులపు స్త్రీ. చనిపోయిన పసిపిల్లల్ని పూడ్చిపెట్టడం వంశాచారంగా ఆమెకొచ్చిన పని. ఆమెను మంత్రగత్తె అని ముద్ర వేసి ఊరు వెలేస్తుంది. ఆమె కళ్లు పడితే పిల్లలు చస్తారట. భర్త ఆమె వైపు చూడడు. కన్నకొడుకు పేరెత్తి పిలవడానికి లేదు. ఒక రాత్రి దొంగలు రైలు పడగొట్టాలని పట్టాల మీద వెదుళ్లు పేరుస్తుంటే ఆమె ఒక్కతే అడ్డం పడి, రైలును ఆపి, చచ్చిపోతుంది. అధికారులొచ్చి ఈమె ఎవరని అడిగితే ఊరంతా నోరు మూసుకున్న చోట ఆ పిల్లాడు ముందుకొచ్చి, మా అమ్మ అంటాడు.

చేతబడి, బాణామతి నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు తెలంగాణ జిల్లాల నుంచి ఏటా వస్తూనే ఉన్నాయి. చంపేవాళ్లు ఎక్కడినుంచో రారు. పక్కింటివాళ్లే, చాలాచోట్ల కూలీలే. పోలీసులో, జనవిజ్ఞాన సంఘాలవారో వచ్చి మూఢనమ్మకాలు తప్పని చెప్తే జనం తలూపి పోతారు. ఆ పిల్లాడి ఒక్క మాట దగ్గర తలూపడం కుదరదు. ఈ నాటికకు ఒక్క నిబంధన: చండీదాసి వేషం ఆడమనిషే వేయాలి. మగవాడు చీర కట్టుకుని వస్తే మొదటి నవ్వుతోనే నాటిక చచ్చిపోతుంది.

ఆమెదే ఇంకొకటి ‘ఆజిర్’. కరువులో ఒకడు మూడు రూపాయలకు తన్నూ తన వంశాన్నీ అమ్ముకుంటూ కాగితం రాసిస్తాడు. తరాలు గడుస్తాయి. ఇప్పటివాడు ఆ కాగితం ఉన్నంతకాలం తనకు విడుదల లేదనుకుని గొడ్డుచాకిరీ చేస్తుంటాడు. చివరికి తేలేదేమిటంటే ఆ కాగితం ఎప్పుడో చివికి దుమ్మైపోయింది. వాడు ఆ రోషంలో హత్య చేస్తాడు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. ఈ కాగితం కథ మాత్రం పాతబడలేదు. ఖాళీ ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేసి, అందులో తర్వాత ఏం రాశారో తెలియక వడ్డీ కడుతున్న ప్రతి ఇంట్లో దాని నకలు ఉంది.

గొల్లపూడి మారుతీరావు ‘కళ్లు’ నాటిక గురించి కొందరు మిత్రులు పెదవి విరుస్తారు, అందులో వర్గపోరాటం లేదని. మేం ఒప్పుకోం. గుడ్డి బిచ్చగాళ్లు తమలో ఒకడికి చూపు తెప్పించడానికి పైసా పైసా కూడబెడతారు. వాడికి కళ్లొస్తే అందరికీ దారి చూపుతాడని ఆశ. కళ్లొచ్చాక వాడు చూసేది తన దారే. మన చందాలతో, మన ఓట్లతో పైకొచ్చి, మనల్ని గుర్తుపట్టని వాళ్లు ఎంతమంది లేరు? సంఘం నాయకులు ముందు వరసలో కూచుని చూడవలసిన నాటిక. 1988లో ఎం.వి. రఘు దర్శకత్వంలో సినిమాగా కూడా వచ్చింది. ఆడేటప్పుడు మాత్రం గుడ్డితనాన్ని వెకిలి చేయొద్దు. వాడలో చూపులేనివాళ్లుంటే రిహార్సలుకు పిలిచి కూచోబెట్టి, వాళ్లు ఏమంటారో వినండి.

ఇక ఏకపాత్ర. మన పల్లెల్లో ఏకపాత్ర అంటే దుర్యోధనుడే. బడి వార్షికోత్సవం నుంచి దసరా పందిరి దాకా అట్ట గద పట్టుకున్న కుర్రాడు మయసభలో జారిపడుతూనే ఉన్నాడు. ఆ కుర్రాడి గొంతు, ధాటి, జ్ఞాపకశక్తి చూస్తే ముచ్చటేస్తుంది. ఒక్క మనిషి పావుగంట సేపు ఊరిని కట్టిపడేయగలడని రుజువు చేసింది అతడే. అతడి చేతిలో గద తీసి ఇంకేదైనా పెట్టాలి.

ఏకపాత్ర ఎట్లా కట్టాలో తెలుసుకోవడానికి బ్రెహ్ట్ రాసిన ‘యూదు భార్య’ చదవండి. హిట్లరు పాలన మీద ఆయన 1930లలో రాసిన చిన్న చిన్న దృశ్యాల్లో ఒకటి. డాక్టరు భార్య పెట్టె సర్దుకుంటుంది. ఆమె యూదురాలు, తన వల్ల భర్త ఉద్యోగానికి ముప్పు. ఒక్కొక్కరికి ఫోను చేసి, కొన్నాళ్లు ఊరెళ్తున్నానని మామూలుగా చెప్తుంది. భర్తతో ఏమనాలో ఖాళీ కుర్చీ ముందు చెప్పుకుని చూసుకుంటుంది. చివర భర్త వస్తాడు. కొద్ది వారాలే కదా అంటూ చలికాలపు కోటు తీసి చేతికిస్తాడు. చలికాలం ఇంకా ఎంతో దూరంలో ఉంది. ఆ కోటు ఒక్కటి చాలు, ఆమె తిరిగి రాదని ఇద్దరికీ తెలుసని మనకు తెలియడానికి. ఏడుపు లేదు, అరుపు లేదు. మన దగ్గర ఫోను ప్రతి ఇంట్లో ఉంది. పిల్లల్ని ముసలమ్మ దగ్గర వదిలి వలసపోతున్న తల్లి బస్సెక్కే ముందు చేసే నాలుగు ఫోన్లు చాలు ఒక ఏకపాత్రకు.

పిల్లల మాటొచ్చింది గనక ఇంకోటి. ఇంగ్లండు రచయిత్రి కారిల్ చర్చిల్ గాజా యుద్ధం మీద 2009లో పది నిమిషాల నాటిక రాశారు, ‘ఏడుగురు యూదు పిల్లలు’ అని. పిల్లలెవరూ కనపడరు. ఒక్కో కాలంలో ఒక్కో పాపకు ఏం చెప్పాలి, ఏం దాచాలి అని పెద్దవాళ్లు తర్జనభర్జన పడుతుంటారు. ఎంతమందైనా ఆడొచ్చు; గాజా ప్రజల వైద్యసాయానికి చందా పోగు చేస్తే చాలు, ఎవరైనా ఉచితంగా ఆడుకోవచ్చని ఆమె ప్రకటించారు. ఆ నిర్మాణం మనకూ పనికొస్తుంది. నాన్న ఎందుకు ఇంటికి రావడం లేదో పాపకు ఏం చెప్దాం?

తయారుగా దొరికే ఏకపాత్రల కన్నా మనం రాసుకోవలసింది ఒకటుందని మా అభిప్రాయం. ఆత్మహత్య చేసుకున్న కౌలురైతు భార్యది. 2004లో వచ్చిన 421వ నంబరు జీవో ప్రకారం అలాంటి కుటుంబానికి లక్షన్నర రూపాయల సాయం అందాలి: లక్ష ఇంటికి, యాభై వేలు అప్పుల పరిష్కారానికి. ఆ మొత్తం తర్వాత పెరిగింది. ముగ్గురు అధికారుల కమిటీ వచ్చి విచారించాలి. అధికారులు మొదట అడిగింది పట్టాదారు పాసు పుస్తకం. కౌలుకు చేసినవాడికి అదెక్కడ్నుంచి వస్తుంది? 2011లో కౌలుదారుల చట్టం వచ్చి రుణఅర్హత కార్డులన్నారు. భూమి యజమాని ఎక్కడ హక్కు పోతుందోనని కౌలు కాగితం రాయడు, కార్డు రాదు.

వేదిక మీద ఒక స్టూలు, ఆమె, ఒక ప్లాస్టిక్ సంచి. అధికారి కనపడడు, ఆమె మాట్లాడేది మనతోనే. సంచిలోంచి ఒక్కొక్క కాగితం తీసి నేల మీద పరుస్తుంది. రేషన్ కార్డు, ఆధార్, పోలీసుల ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం కాగితం, విత్తనాల కొట్టు బిల్లు, వడ్డీ వ్యాపారి సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చిన లెక్క. ఒక్కో కాగితానికీ ఒక కథ, రెండు నిమిషాలకు మించకుండా. పోస్టుమార్టం కాగితం కోసం ఎన్నిసార్లు తిరిగిందో చెప్తుంది. విత్తనాల బిల్లు తీసినప్పుడు మాత్రం ఆ ఏడు చేను ఎంత ఏపుగా వచ్చిందో చెప్పి నవ్వుకుంటుంది. ఇక చాలా అని అడుగుతుంది. చాలదు. సంచి తిరగేసి దులుపుతుంది. ఆమె ఏడవకూడదు. ఇది మా గట్టి సలహా. ఆమె ఏడిస్తే జనమూ ఏడ్చి, మనసు తేలికపడి ఇంటికి పోతారు. ఆమె లెక్క చెప్తుంటే జనం కూడా మనసులో లెక్క వేస్తారు. రాసేముందు అలాంటి కుటుంబాల దగ్గరికి వెళ్లి కూచోండి, కాని వాళ్ల పేరు, ఊరు నాటికలో పెట్టొద్దు. ఆ ఇంటివాళ్లు అదే వాడలో ఉంటే వాళ్లను ముందే అడగాలి. వద్దంటే ఆడొద్దు.

ఇవన్నీ ఏం సాధిస్తాయని అడిగే మిత్రులకు ఒక ఉదాహరణ. 1990-91లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం కోసం కళాజాతాలు ఊరూరా తిరిగాయి. చదువు పాఠాల్లో సారా వల్ల చితికిన ఇళ్ల కథలుండేవి. 1992లో దూబగుంట ఆడకూలీలు సారా దుకాణం మూయించారు. అది జిల్లాలు దాటింది. 1993లో సారా, 1995 జనవరిలో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. 1997లో ఆ మద్యనిషేధాన్ని ప్రభుత్వమే ఎత్తేసింది. ఉద్యమం మొత్తం నాటికల పుణ్యమే అంటే అతిశయోక్తి. ఆ ఆడవాళ్లకు తమ ఇంటి సంగతి నలుగురిలో మాట్లాడదగ్గ సంగతేనని తెలిసింది మాత్రం ఆ పాఠాల దగ్గర, ఆ ఆటల దగ్గర.

ఆడే చోటు గురించి. గుడి సెంటరులో మైకు పెట్టుకుంటే జనం ఎక్కువ వస్తారు నిజమే, కాని ఎవరొస్తారో చూడండి. దళితవాడ ఆడవాళ్లు చివర నిలబడి చూసి మధ్యలోనే పోతారు. వాడలోనే, చెట్టు కింద, చుట్టూ జనం కూచుని మధ్యలో ఖాళీ ఉంచితే చాలు. మైకు వద్దు. గొంతు ఆఖరి వరసకు అందకపోతే జనాన్ని ఇంకాస్త దగ్గరికి జరగమనండి. ఒక బల్బు కావాలి. కరెంటు పోతే రెండు టార్చిలైట్లు. దుస్తులు ఎవరివి వాళ్లవే. మాటలు కూడా ఎవరి యాసవి వాళ్లవే ఉండాలి. నల్లగొండ కూలీ చేత కృష్ణాజిల్లా భాష పలికించే చాదస్తం ఇంకా కొన్ని దళాల్లో ఉంది.

నాట్లు అయిపోయి కలుపులు జోరందుకునే లోపు దొరికే పది పదిహేను రోజుల్లో రిహార్సల్ మొదలుపెట్టండి. రోజూ గంట చాలు. రాతప్రతి బట్టీ పట్టించే ముందు అట్టముక్కలు మెళ్లో వేసే పద్ధతి ఒకసారి చేసి చూడండి. సగం సంభాషణలు అక్కడే పుడతాయి. జనం దగ్గర తువ్వాలు పట్టి వసూలు చేసినదాని లెక్క ఆ రాత్రే అందరి ముందూ చదవాలి. ఖర్చుల్లో మొదటి పద్దు డప్పు కొట్టినవాళ్ల కూలి. ‘ఆజిర్’ ఆడుతూ డప్పు ఉచితంగా కొట్టించుకున్న దళాలున్నాయి. వాళ్లు ఆ రోజు పని మానుకుని వచ్చినవాళ్లు. పొలం పనికి ఎంత కూలి నడుస్తోందో అంతా లెక్కగట్టి, ఆట మొదలవకముందే చేతిలో పెట్టండి.